ఆయన ఫోనుకొచ్చిన ఓటీపీ

దేశంలో ఆడవాళ్ళందర్నీ ఉద్ధరిస్తున్న కొడుక్కి తిన్న కంచం ఉద్ధరించే తీరిక మాత్రం లేదని సణుక్కుంటూనే, ఆవిడ ఆడవాళ్ళకి అప్పులిచ్చే వాడి కంపెనీ యాప్‌లోనే పెద్ద ఓవెన్ కోసం లోనుకి పెట్టింది. ఉన్న బుల్లి ఓవెన్‌తో చెయ్యలేక కేకుల ఆర్డర్లు వదిలేసుకుంటోంది మరి.

"ఓటీపీ రాలేదేంరా?"

"నాన్న ఫోనుకొస్తుందమ్మా. భర్త ఒప్పుకుంటేనే లోను. అప్పు ఎగ్గొట్టకుండా ఆ రూలు," అన్నాడు కొడుకు, అద్దం ముందు నిలబడి 'మహిళకు రెక్కలు' అనే రేపటి ఉపన్యాసం వల్లిస్తూ.

సోఫాలో కూర్చున్న భర్త ఫోను టింగుమంది. ఆయన చూసి బోర్లించాడు.

"నంబరు చెప్పండి."

"ఇప్పుడు నీకు వ్యాపారం దేనికే? నేనేం తక్కువ చేశాను?"

"చెప్పండి నాన్నా, టైమైపోతుంది," అన్నాడు కొడుకు.

"అవనీరా. ఇన్నేళ్ళూ మీ అమ్మకి వద్దని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. మగాడి కష్టం తెలిసినవాడివి, మంచి ఏర్పాటు చేశావు," అంటూ ఆయన లేచొచ్చి భుజం తట్టాడు.

గడువు ముగిసిందని ఆవిడ ఫోను చెప్పింది. ఆవిడ వంటింట్లోకెళ్ళి మైదా జల్లించడం మొదలుపెట్టింది.

కొడుకు ఉపన్యాసం కాగితం మడిచేసి, వంటింటి గుమ్మంలోకొచ్చాడు.

"ఆ రూలు నేనే పెట్టానమ్మా," అన్నాడు. "తప్పు చేశాను."