పత్తిచేని పాట

“ఇది సినిమా పాటమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం, ఫోన్లో పాట ఆపేసి.

తేజశ్రీ మొహం చిన్నబోయింది. “మా పక్కింటి మామ్మ పాతదే అని చెప్పిందండీ.”

“పాతదే. చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేనూ చూశా. మనకి కావాల్సింది అది కాదు. మీ నాయనమ్మలు, అమ్మమ్మలు చేలల్లో పాడుకున్న పాట.”

ఆ బళ్ళో ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు శనివారం మధ్యాహ్నం పాఠాలుండవు. నచ్చిన పని ఎంచుకుని నేర్చుకోవచ్చు. కుట్టు, బొమ్మలు, చదరంగం, పెరటితోట. పిల్లలు చదరంగం మీద ఎగబడ్డారు. పాటల సేకరణకు వచ్చింది ముగ్గురే. అందులో ఒకడు ఎన్నికల ప్రచారం పాట పట్టుకొచ్చాడు. ఇంకొకడు మా తాతకు చెవుడండీ అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“వచ్చే శనివారం ఒక్క పాటన్నా రాకపోతే ఈ గ్రూపు ఎత్తేస్తా. ముగ్గురూ కుట్టులోకి పోండి.”

ఏడో తరగతి తేజశ్రీకి కుట్టు మీద పగేం లేదు. కానీ అక్కడ నోరు మూసుకుని కూర్చోవాలి. గొంతెత్తి పాడితే ఎవరూ కసరని గది ఆ బళ్ళో ఇదొక్కటే. దాన్ని వదులుకోవడం ఆ పిల్ల వల్ల కాదు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ సుబ్బరావమ్మ వాకిట్లో ఎండుమిరప గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. పక్కన రహిమున్నీసా. ఇద్దరూ ముప్పై ఏళ్ళుగా ఒకే ముఠాలో కూలికి పోయినవాళ్ళు.

“నాయనమ్మా, పత్తి తీసేటప్పుడు మీరు పాడుకున్న పాట చెప్పు.”

“ఏం పాటే? ఘాటుకి తుమ్ములొస్తయ్, అవతలికి పో.”

“ఒక్కటి చాలు. చెప్పకపోతే మా గ్రూపు తీసేస్తారంట.”

“నాకు రావు.”

“రాకపోవడమేంది? చేలల్లో అందరూ పాడేవాళ్ళంట. మా సారు చెప్పారు.”

“మీ సారు ఏ చేలో పత్తి తీశాడో కనుక్కునిరా పో.”

రహిమున్నీసా నవ్వింది. “చెప్పక్కా. ఈ వయసులో నీకు సిగ్గేంది?”

“నీకు లేకపోతే నువ్వు చెప్పు.”

“నాకు గుర్తుంటేగా.”

వారమంతా తేజశ్రీ వదల్లేదు. అన్నం దగ్గర అడిగింది, పంపు దగ్గర అడిగింది. సుబ్బరావమ్మ ప్రతిసారీ రావనే చెప్పింది. శుక్రవారం పొద్దున బడికి పోతూ తేజశ్రీ గుమ్మంలో ఆగింది.

“సూదీ దారం కొనుక్కోవాలంట. నాన్నకి చెప్పు.”

అంతే. ఏడవలేదు, అలగలేదు. ఆ పోవడం చూసి సుబ్బరావమ్మ చేతిలో మిరపకాయ జారింది.

సాయంత్రం పిల్ల బడి నుంచి రాగానే దగ్గర కూర్చోబెట్టుకుంది. “ఒకటి ఉందిలేవే. నేను అంటా, నువ్వు అను.”

శనివారం పిల్లలు నేర్చుకుంది చూడ్డానికి బడి వరండాలో ఇళ్ళవాళ్ళు కూడారు. ముందు వరసలో బడి కమిటీ పెద్ద బాపయ్య. వెనక, స్తంభం పక్కన సుబ్బరావమ్మ, రహిమున్నీసా. తేజశ్రీ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

“తెల్లనైన పత్తిచేలో తెల్లవారె ఓ వదినా
ఒడిని గట్టిన మూటలోన ఎండ నిండె ఓ వదినా
కాయడొప్ప గీరి వేలు చిట్లిపోయె ఓ వదినా
కన్నవారి ఊరు తలచి మానిపోయె ఓ వదినా”

పాట అయిపోయింది. మొదట రహిమున్నీసా ముక్కు చీదింది.

“మా అమ్మ పాడేది,” అంది. “పొదిలి కాడ మా చేలో. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టి, అచ్చం ఇట్టాగే పాడేది.”

“పొదిలేంది?” బాపయ్య వెనక్కి తిరిగాడు. “ఇది మా పొన్నూరు వైపు పాట. నాట్లేసేటప్పుడు మా మేనత్త ఎత్తుకునేది. పత్తిచేలో కాదు, ‘పచ్చనైన వరిమడిలో’ అని ఉండాలి.”

“వరిమడిలో పత్తి కాయడొప్పలు ఎక్కడియ్యి బాబాయ్?” అంది రహిమున్నీసా.

“అది తర్వాత మీవాళ్ళు కలుపుకున్నారు.”

“మేం కలుపుకున్నామా? మీరే ఎత్తుకుపోయుంటారు.”

“ఇంకో చరణం కూడా ఉంది దీనికి. పొద్దుగూకేవేళ బండి మీద ఇంటికి పోవడం వస్తది అందులో. మా మేనత్త పోయాక మళ్ళీ వినలా నేను.” బాపయ్య మళ్ళీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. తగువు అక్కడ ఆగింది.

లక్ష్మీనరసింహం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మా నాయనమ్మ నన్ను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఇదే పాడేది. ఆవిడ చీర వాసన కూడా వచ్చేసింది నాకు,” అన్నాడు. “ఇంకోసారి పాడమ్మా.”

రెండోసారి ఆడవాళ్ళందరూ అందుకున్నారు. ఎవరూ తడబడలేదు. పాడుతూ ఎవరి తల్లిని వాళ్ళు తలుచుకున్నారు.

పాటల గ్రూపు నిలబడింది. చదరంగం పిల్లలు కొందరు పిలవకుండానే ఇటు వచ్చి కూర్చున్నారు.

ఇంటికి పోయే దారిలో తేజశ్రీ నాయనమ్మ చెయ్యి వదల్లేదు.

“సారు అడిగి రమ్మన్నారు. మీ చేలో ఈ పాట ముందుగా ఎవరు ఎత్తుకునేవాళ్ళు?”

“చేలో నోరు తెరిస్తే మేస్త్రి కూలి కోసేవాడే.”

“మరి నీకెట్టా వచ్చింది?”

సుబ్బరావమ్మ వెనక వస్తున్న రహిమున్నీసా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“నిన్న పొద్దున కట్టాను.”