హార్మనీ ఏదీ?

“రెండూ ఒకలాగే ఉన్నాయి బాబూ,” అన్నాడు ముసలాయన, హెడ్‌ఫోన్లు తీసి.

కామేష్‌కి ఒళ్ళు మండింది. శ్రీకాకుళం నడిబొడ్డున ఆడియో షాపు పెట్టింది ఇలాంటి మాట పడటానికా?

పోయిన అమ్మ రాగసుధ పాట ఒక్కటే మిగిలింది, పాత క్యాసెట్‌లో. నెల్లాళ్ళు తంటాలు పడి దాన్ని మరింత స్పష్టంగా వినిపించే హై-రెస్ ఫైల్లోకి ఎక్కించాడు. వచ్చినవాళ్ళకల్లా మామూలు ఫైలూ, హై-రెస్ ఫైలూ వినిపించి, ఏది బాగుందో పుస్తకంలో రాయించుకునేవాడు. రెండోదే హై-రెస్ అని ముందే చెప్పేస్తే ఎవరైనా ఏం రాస్తారు? అందరూ రెండోదే అని రాశారు.

“సరిగ్గా విన్నావా తాతా? పాతికమంది తేడా ఉందన్నారు!”

“ఏమో బాబూ. రెండింట్లోనూ గొంతు సన్నంగానే ఉన్నాది. ఆయమ్మ ఇంత పైన పాడదు. టేపు జోరుగా తిరిగినట్టున్నాది.” ఆగి అడిగాడు. “ఇందులో హార్మనీ ఏదీ?”

“హార్మోనియమా? అమ్మ గొంతుకి అడ్డమొస్తోందని తీసేశాను. ఒకటే సొద.”

ముసలాయన మొహం చిన్నబోయింది.

“సొద కాదు బాబూ. హార్మనీ సుతి మారదు. అదుంటే టేపు జోరు తెలిసిపోతాది. నాను అప్పట్లో…”

“చెవుడొస్తే అన్నీ ఒకలాగే ఉంటాయిలే. పుస్తకంలో రాసి వెళ్ళు!”

రాసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా పిన్ని జగదీశ్వరి వచ్చి పాట వింది.

“ఒరే కామేషూ, మా అక్క గొంతు ఇంత సన్నమేటిరా?”

కామేష్ గతుక్కుమన్నాడు. అసలు క్యాసెట్ మళ్ళీ పెట్టాడు. అందులోని హార్మోనియాన్ని నిజం హార్మోనియంతో సరిచూసి, వేగం కాస్త తగ్గించాడు.

అమ్మ వచ్చేసింది! అన్నానికి రమ్మని పిలిచే ఆ గొంతే. పిన్నీ, తనూ ఇద్దరూ ఏడ్చేశారు.

పుస్తకం తిరగేశాడు. “రెండూ ఒకటే. హార్మనీ ఉంచండి. జీవరత్నం, నెల్లిమర్ల.”

పాట ఫోన్లో వేసుకుని, బండి తీశాడు.

నెల్లిమర్లలో తలుపు తీసింది ఆయన కూతురు దేవమణి.

“నాన్న పోయి నాలుగు రోజులైంది బాబూ.”

కామేష్ చేతిలోని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. తల దించుకుని అన్నాడు. “మా షాపుకొచ్చారండి. చెవుడని నోరు జారాను.”

“ఓ, రాగసుధమ్మగారి అబ్బాయి మీరేనా? బతుకంతా ఎవరో ఒకరి పక్కన కూకుని వాయించారు నాన్న. టేపులోకి ఎక్కింది మాత్రం మీ అమ్మగారి పక్కన వాయించిన ఆ ఒక్క పాటేనట. తన హార్మనీ ఒక్కసారి తాను విందామనే ఆ రోజు బస్సెక్కి వచ్చారు బాబూ.”