గర్భసంచిగారికి సన్మానం

క్యాన్సరని తెలిసి నాలుగు రోజులైనా హైమవతి కంట చుక్క నీరు రాలేదు. సోమవారం గర్భసంచి తీసేస్తారని ఇంటి మరమనిషి పేరయ్యకు చెప్పి, ఆసుపత్రికి బట్టలు సర్దమంది. పేరయ్య సెకండ్‌హ్యాండ్ సరుకు. అంతకుముందు ఏళ్ళ తరబడి సన్మాన సభలు నడిపాడు. సాయంత్రానికల్లా హాల్లో బ్యానరు కట్టేసి, శాలువాతో మైకు ముందు నిలబడ్డాడు.

"నలభై ఏళ్ళ నిష్కళంక సేవ! ఇద్దరు బిడ్డల్ని మోసి, ఒక్కనాడూ ప్రమోషన్ అడగని గర్భసంచిగారు..."

"ఓరి నీ దుంపతెగ! ఆపరా!" అంటూ హైమవతి పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే భోరుమంది.

పేరయ్య కంగారుపడిపోయాడు. "ఆపేస్తానండి. కానీ సన్మానం అందుకోవాల్సినవారు లోపలున్నారు కదా, ఈ శాలువా ఎవరికి కప్పమంటారు?"

"నాకే కప్పరా," అంది హైమవతి కళ్ళు తుడుచుకుంటూ. "నాలుగు రోజుల్నుంచీ వణుకుతూనే ఉన్నా."