మేమింకా ఇక్కడే ఉన్నాం

"మళ్ళీ తప్పు!" అంది లొరెట్టా, బాస్ గిటార్ తీగల్ని అరచేత్తో నొక్కేసి. "ఎమ్మెట్, ఆ మూడు దెబ్బలు అలా కాదు."

"మరెలా తల్లీ?" డ్రమ్ముల వెనక నుంచి అరిచాడు ఎమ్మెట్. "పెద్ద డ్రమ్ము కొట్టాను, వద్దన్నావు. దాని మీద దుప్పటి కప్పి కొట్టాను, వద్దన్నావు. ఇంక నా తలకాయేసి కొట్టనా?"

"ఆ రోజు దేంతో కొట్టావో దాంతోనే కొట్టు."

ఎమ్మెట్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

లూయివిల్‌లో లొరెట్టా ఇంటి నేలమాళిగ అది. పొద్దుటి నుంచీ ఇదే తంతు. ఆమె వండిన బర్గూ కూర మెట్ల మీద గిన్నెలో చల్లారిపోయింది. మర్నాడు సాయంత్రం ఒహాయో నది ఒడ్డున సంగీతోత్సవం. 'పేపర్ సైలో' బృందం ఇరవై రెండేళ్ళ తర్వాత మళ్ళీ వేదిక ఎక్కబోతోంది. నిర్వాహకులు ఒకటే షరతు పెట్టారు. 'మేమింకా ఇక్కడే ఉన్నాం' వాయించి తీరాలి.

వీళ్ళ సంగీతాన్ని పోస్ట్ రాక్ అంటారు. అంటే ఏమిటని అడిగితే వాయించేవాళ్ళే నీళ్ళు నములుతారు. పాడేవాళ్ళుండరు. పల్లవీ లేదు, చరణమూ లేదు. సన్నగా మొదలై, చెవులు చిల్లులు పడేలా లేచి, మళ్ళీ సద్దుమణుగుతుంది. వేదిక నిండా చీకటి, పొగ. ముగ్గురూ జనానికి వీపు తిప్పి, తలలు వంచుకుని, ఎవరి స్పీకర్ పెట్టె కేసి వాళ్ళు చూస్తూ వాయించేవాళ్ళు. మొహం చూపించడం వాళ్ళకి నామోషీ.

ఆఖరి కచేరీ షికాగోలో. వెళ్తూ వెళ్తూ వ్యానులోనే గొడవ పడ్డారు. ఇకనైనా ఒక పాటగాణ్ణి పెట్టుకుందామన్నాడు గిటార్ వాయించే డ్వెయిన్. మిగతా ఇద్దరూ ఇంతెత్తున లేచారు. ఆ సాయంత్రం మాటామంతీ లేకుండా వేదిక ఎక్కారు. ఆ తర్వాత కూడా ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు. బృందం కథ అక్కడితో సరి.

హాలు చివర కూర్చుని సౌండు చూసుకునే ఆర్లో ఆ కచేరీని రికార్డు చేసి డిస్కుగా వదిలాడు. చివరి ముక్కకి ఆ పేరు పెట్టిందీ అతనే. జనం వెర్రెత్తిపోయారు. ఆ హోరు, దాని అడుగున చినుకుల్లా గలగలలాడే డ్రమ్ము, ఎడమెడంగా వినిపించే మూడు దెబ్బలు. 'మూడు గుండెలు ఆగిన చప్పుడు' అని రాశాడొక విమర్శకుడు. పేపర్ సైలో అంతవరకూ వాయించిందంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు అని తేల్చేశారు.

ఇప్పుడు ఎమ్మెట్ ఇళ్ళకి కప్పులు వేస్తున్నాడు. డ్వెయిన్ బళ్ళో లెక్కలు చెప్తున్నాడు. లొరెట్టా పూలకొట్టు నడుపుతోంది. ముగ్గురికీ ఆ పనుల మీద పెద్ద మోజేమీ లేదు. మనసంతా ఈ నేలమాళిగ మీదే. ఈసారీ చెడితే ఇక జన్మలో కలిసి వాయించేది లేదని ముగ్గురికీ తెలుసు.

"పోనీ డ్వెయిన్, నువ్వు ఎత్తుకో. ఆ హోరంతా నీదేగా," అంది లొరెట్టా.

"నాదా? నాదేముంది! అసలు పనంతా నీ బాస్‌దే."

"నా మొహం. నీ గిటార్ లేకపోతే అదెక్కడిది?"

"మీ వినయాలు తగలెయ్య!" అన్నాడు ఎమ్మెట్. "ఇంకోసారి డిస్కు పెట్టండి, విని చద్దాం."

పెట్టారు. ఆ ముక్క మొదలైనప్పుడల్లా ముగ్గురి మొహాలూ మాడిపోతాయి. ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడరు. అయిపోయాక మళ్ళీ వాయించారు. ఈసారి మరీ దరిద్రంగా వచ్చింది.

"పాటగాడుంటే మనకీ ఖర్మ పట్టేది కాదు," అన్నాడు డ్వెయిన్.

అంతే. నిప్పంటుకుంది.

"ఇన్నేళ్ళయినా నీ బుద్ధి మారలేదురా!" అంటూ కర్రలు విసిరికొట్టాడు ఎమ్మెట్. మెట్లెక్కి, పెరటివైపు ఇనుప తలుపు ధడాల్న వేసుకుని పోయాడు.

డ్వెయిన్ గిటార్‌ని స్పీకర్ పెట్టెకి ఆనించాడు. స్విచ్ కూడా కట్టకుండా అతనూ వెళ్ళాడు. తలుపు మళ్ళీ ధడాలుమంది.

"పొండి! నేనేమన్నా బొట్టు పెట్టి పిలిచానా!" అని అరిచింది లొరెట్టా. అన్నాక ఏడుపొచ్చింది. బాస్‌ని అలాగే తన పెట్టెకి చేరేసి, తనూ మెట్లెక్కి, తలుపు విసురుగా వేసింది.

తలుపు మీద చెయ్యి ఇంకా తియ్యనే లేదు. కింద నుంచి వినిపించింది.

సన్నటి హోరు. అది చిక్కబడుతోంది, పెరుగుతోంది. దాని అదురుకి చిన్న డ్రమ్ము అడుగున బిగించిన తీగలు చినుకుల్లా గలగలమంటున్నాయి. అదే. అచ్చంగా అదే.

"అదే! అదేరా! ఆపకండి!" వాళ్ళిద్దరూ బయటికెళ్ళిన సంగతే మరిచి, తలుపుకేసే చూస్తూ కేక పెట్టింది లొరెట్టా.

వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూసింది. ట్రక్కు తాళాల కోసం జేబులో పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయి ఎమ్మెట్. వెలిగించని సిగరెట్‌తో డ్వెయిన్.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఆ తలుపుని చూశారు. లోపల ఎవరూ లేకుండానే, పెట్టెలకి ఆనించిన తీగలు వాటంతటవే మోగుతూ, సంగీతం పెరుగుతూనే ఉంది.

ఇరవై రెండేళ్ళుగా ముగ్గురూ ఎవరికి వారే కుమిలిపోయింది ఒక్కదానికే: షికాగోలో ఆ సాయంత్రం తాను మధ్యలో వాయించడం మానేసి వెనక తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోయాక, మిగిలిన ఇద్దరూ అంత గొప్పగా వాయించారని.