మొదటి బెంచీ

డయాలసిస్ టెక్నీషియన్లు ఏటా కొత్త పాఠం నేర్చుకుంటేనే లైసెన్సు నిలుస్తుంది. ఇప్పుడందరూ పాఠం నేర్పే గుళిక చెవిలో పెట్టుకుని, బస్సు దిగేలోపే నేర్చేసుకుంటున్నారు. మాస్టారు నిలబడి చెప్పే తరగతి ఇంకా కాకినాడలో ఒకటి మిగిలిందని తెలిసి, సుభాషిణి సెలవు పెట్టి మరీ వెళ్లింది.

నలుగురితో పంచుకుందామని పెద్ద డబ్బా నిండా పులిహోర పట్టుకెళ్లింది. ముందు బెంచీ వచ్చేవాళ్లకి వదిలి, రెండో బెంచీలో కూర్చుంది. ఇంకెవరూ రాలేదు.

ముసలి మాస్టారు జోగారావు హాజరు పిలిచాడు. ఉన్నది ఒకటే పేరు.

"ఉన్నాను సార్."

ఆయన కొత్త యంత్రం బొమ్మ బోర్డు మీద గీసి ఏది అడిగినా, ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆయన సుద్దముక్క కింద పెట్టేశాడు.

"గుళిక పెట్టుకునే వచ్చావామ్మా?"

"పోయిన వారమే పెట్టుకున్నాను సార్. లైసెన్సు కూడా వచ్చేసింది."

"మరి ఇక్కడికెందుకు?"

సుభాషిణి డబ్బా మూత సర్దింది.

"అది అన్నీ నేర్పుతుంది సార్. అర్థమైందా అని మాత్రం అడగదు."

జోగారావు కాసేపు ఖాళీ బెంచీల వైపు చూశాడు. తర్వాత బోర్డంతా శుభ్రంగా తుడిచేశాడు.

"ముందుకొచ్చి కూర్చో. మొదటి నుంచీ చెప్తాను."