గాలి దూరని అద్దాలు

“తాతా, జరుగు! జరుగు!”

బ్రేకులు కీచుమన్నాయి. దీక్షిత ఒక కాలు నేలకు ఆనించి సైకిల్ ఆపింది.

శ్రీరాంపూర్ బ్రిడ్జి దిగగానే వచ్చే మలుపు అది. రాయమల్లు నడిరోడ్డు మీద వంగి, టిప్పర్ల నుంచి రాలిన బొగ్గు పెళ్లలు ఏరి సంచిలో వేసుకుంటున్నాడు. తెల్లవారితే అలా సంచి పట్టుకుని రోడ్డెక్కేవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. ఇంట్లో పొయ్యికి కొంత, హోటళ్లకు అమ్ముకోవడానికి కొంత.

“రోజు నీతోని ఇదే లొల్లి. గీ నాలుగు పెళ్లల కోసం పానం మీదికి తెచ్చుకుంటవా?”

రాయమల్లు పక్కకు జరిగాడు. ఆమె ముఖం వైపు చూశాడు. నీలంగా మెరిసే కళ్లద్దాల కింద నుంచి చెంపల మీదికి నీళ్లు కారుతున్నాయి.

“ఏడుస్తున్నవా బిడ్డా?”

“ఏడుపు కాదు. దిగేటప్పుడు గాలికి నీళ్లస్తయి.”

నిజానికి ఏడుపు కూడా దగ్గరలోనే ఉంది. వచ్చే ఆదివారం కరీంనగర్‌లో రాష్ట్ర సైకిల్ పందేల జట్టుకు ఎంపిక పోటీ. పోయినేడు ఈ నీళ్లవల్లే దారి కనబడక ఆఖరున వచ్చింది. ఈసారీ ఎంపిక కాకపోతే సైకిల్ ముచ్చట మరిచిపొమ్మని నాన్న తేల్చి చెప్పాడు.

“అద్దాల కింది నుంచి నీ వేలు పెట్టి సూడు. వేలు దూరిన కాడ గాలి దూరదా? చెంపలకు ఆనేటివి తీస్కో. మరీ బిగుసుకపోయినయి వద్దు, ఆవిరి పడ్తది. దుకాణంల ఫ్యాన్ ముందట నిలవడి సూస్కో. సోకు కొరుక్క తింటమా బిడ్డా?”

దీక్షితకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

“దొంగ బొగ్గు ఏరుకునేటోనివి, నాకు అద్దాల సంగతి చెప్తవా?”

రాయమల్లు సంచి భుజాన వేసుకున్నాడు.

అన్నాక ఆ మాట దీక్షితకే చేదుగా తగిలింది. అయినా వెనక్కి తిరిగి చూడలేదు.

కొంత దూరం పోయాక ఆగి, వేలు పెట్టి చూసింది. దూరింది. ఒకటి కాదు, రెండు వేళ్లు.

ఆ సాయంత్రమే మంచిర్యాలలో ఓంప్రకాశ్ కళ్లద్దాల దుకాణానికి వెళ్లింది.

“అన్నా, జర ఫ్యాన్ జోరుగ పెట్టు.”

“ఉక్కపోస్తుందా చెల్లె?”

“కాదు, అద్దాలు సూడాలె.”

ఓంప్రకాశ్ వింతగా చూస్తూనే టేబుల్ ఫ్యాన్ తిప్పాడు. దీక్షిత ఒక్కో జత పెట్టుకుని గాలికి ఎదురు నిలబడింది. మెరిసేవి, సోకైనవి అన్నీ కళ్లలో నీళ్లు తెప్పించాయి. ఏడో జత రంగు లేని అద్దాలు. కణతల దాకా వంగి, ముఖానికి ఆనుకుని ఉన్నాయి. ఆవిరి పోవడానికి పైన సన్నటి సందులున్నాయి. ఎంతసేపు నిలబడ్డా కన్ను చెమ్మగిల్లలేదు.

“గివా? వెల్డింగ్ చేసేటోని లెక్క కనవడ్తున్నవ్.”

“కనవడనీ అన్నా. ఇవే ఇయ్యి.”

మర్నాడు బ్రిడ్జి మీంచి హాయిగా దిగింది. చెవుల్లో గాలి హోరు, కళ్లలో మాత్రం చుక్క నీరు లేదు. మొదటిసారి రోడ్డు రోడ్డులా కనబడింది. తాతకు చెప్పాలి, ముందు తప్పయిందని ఒప్పుకోవాలి అనుకుంది.

మలుపులో తాత లేడు. రోడ్డు నిండా బొగ్గు ఉంది.

కనబడింది కాబట్టి బ్రేకు పట్టగలిగింది. చక్రం ఒక పెళ్ల మీదికెక్కి జారింది. మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది.

లేచి నిలబడి, వెనక్కి తిరిగి మలుపు చూసింది. పది నెలలుగా ఇదే మలుపు. కళ్లనిండా నీళ్లతో, సగం గుడ్డిగా దిగింది. ఒక్కసారీ పడలేదు. అదంతా తన గొప్పే అనుకుంది.

తర్వాత కూడా తాత రాలేదు. రోజూ తనే దిగి, బొగ్గు పక్కకు నెట్టి సాధన చేసింది.

ఆదివారం పోటీలో రెండో స్థానం వచ్చింది. జట్టులో పేరు ఉంది.

సోమవారం మిఠాయి డబ్బా పట్టుకుని, అడుగుతూ అడుగుతూ రాయమల్లు ఇల్లు చేరింది. ఆయన భార్య బాలలక్ష్మి గుమ్మంలో కూర్చుని ఉంది.

“తాత ఉన్నడా అవ్వా?”

“పోయిండు బిడ్డా. మంగళారం పొద్దుగాల సంచి పట్టుకొని ఎల్లబోయి, గడపల్నే కూలవడ్డడు. గుండెపోటన్నరు.”

దీక్షిత అక్కడే కూలబడి ఏడ్చేసింది.

“ఆఖరి రోజు నేను దొంగ అన్న అవ్వా.”

“అందరు గదే అన్నరు తియ్యి. లే, లోపలికి రా.”

లోపల గ్యాస్ పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. పెరట్లో మాత్రం ప్రహరీ ఎత్తున బొగ్గు కుప్ప ఉంది. వానలకు తడిసి, ఎండలకు ఎండి ఉంది.

“ఇంత బొగ్గు! అమ్ముకోలేదా?”

“అమ్మనియ్యలే. పొయ్యిల పెట్టనియ్యలే. పాపం తగుల్తదనేటోడు.”

“ఏం పాపం అవ్వా?”

బాలలక్ష్మి కుప్ప వైపు చూసింది.

“పన్నెండేండ్ల కింద సైకిల్ మీద డ్యూటీకి పోయేటాయన గా మలుపుల బొగ్గు మీద జారి పడ్డడు. గాలికి కండ్లల్ల నీళ్లచ్చి బొగ్గు కనవడలేదని దవఖానల చెప్పి, పానమిడిసిండు. ఏ బండి నుంచి రాలిందో ఇయ్యాల్టి దాక ఎవ్వలకు తెల్వదు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గప్పుడు మా ఆయన టిప్పర్ నడిపేటోడు బిడ్డా, గా పొద్దు గా తొవ్వల ముందుగాల పోయింది ఆయన బండే.”