యాదికి రాని మంత్రం

సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే కొండల్‌కు ఆ రోజు కొండగట్టు మీద కాలు నిలవడం లేదు.

హనుమాన్ దీక్ష ముగిసింది. మెడలో మాల తీస్తే చాలు, గుట్ట కింద దోస్తు శ్రీహరి సీసాతో సిద్ధంగా ఉన్నాడు.

"మాల తీసినంక మళ్ల తాగినవనుకో, నేను తల్లిగారింటికి పోత" అని భార్య వనజ పొద్దున్నే చెప్పి పంపింది.

తాగొద్దనే అనుకున్నాడు కొండల్. తాగాలనీ అనుకున్నాడు. రెండూ నిజమే.

మాలేమో ఎవరికి వారు తీసుకోకూడదు. గురుస్వామి మంత్రం చదివి తీయాలి. వాళ్ల ఊరి గురుస్వామి, ఇతను ప్రసాదం లైనులో ఉండగానే బస్సెక్కి వెళ్లిపోయాడు.

మెట్ల పక్కన ఒక ముసలి స్వామి పల్లికాయ ఒలుచుకుంటున్నాడు.

"స్వామీ, జర నా మాల తియ్యుండ్రి."

"తీస్త. గంత పరేషాన్ ఎందుకు?"

"కింద దోస్తు ఎదురుచూస్తుండు."

ముసలాయన కొండల్ తడుపుకుంటున్న పెదాల వంక చూశాడు. కళ్లు మూసుకుని మంత్రం ఎత్తుకున్నాడు. సగంలో ఆగిపోయాడు.

"మిగిలింది యాదికొస్తలేదు స్వామీ. వచ్చే మంగళారం రా."

"అప్పటిదాక?"

"మాల ఉండనియ్యి."

కొండల్‌కు ఒళ్లు మండింది. కింద శ్రీహరి సీసా ఒక్కడే ఖాళీ చేసి, ఇద్దరి వంతూ తూలాడు.

మంగళవారం ముసలాయన మంత్రంలో మళ్లీ అక్కడే ఆగాడు. పై మంగళవారం అంతకంటే ముందే ఆగాడు.

"పోయినసారి ఇంకింత దూరం వచ్చింది గద స్వామీ" అన్నాడు కొండల్.

"వయసు మీద పడ్డది. ఏం జేస్త?"

గుట్ట నిండా గురుస్వాములే. కొండల్ ఇంకొకరిని అడగలేదు. ఎందుకు అడగలేదో తనను తాను కూడా అడగలేదు. వచ్చేటప్పుడు ముసలాయనను తిట్టుకుంటూ వచ్చేవాడు, పోయేటప్పుడు ఈల వేసుకుంటూ పోయేవాడు.

"పాపం, పెద్దమనిషి" అని వనజ సకినాలు కట్టిచ్చేది.

"జర ఉప్పు తక్కువైంది" అని వంక పెడుతూనే ముసలాయన అన్నీ తినేవాడు.

ఒక మంగళవారం మెట్ల పక్కన ఎవరూ లేరు.

"లింగమూర్తి స్వామి మొన్ననే కాలం జేసిండు" అంది పూలమ్మే సారక్క.

కొండల్ సకినాల మూటతో అక్కడే కూలబడ్డాడు. సొంత తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

"పాపం, గా మంత్రం యాదికి రాకుండనే పాయె" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

సారక్క దండ కట్టడం ఆపి అతని వంక వింతగా చూసింది.

"యాదికి రాకపోవుడేంది బిడ్డా, గీ గుట్ట మీద గురుస్వాములందరికి గా మంత్రం నేర్పిందే లింగమూర్తి స్వామి."